వేదిక మీద వెలుతురు వృథా

సర్కారీ లెక్కన ఫస్లీ 1349వ సంవత్సరం, ఆజూరు మాసం, దసరా వెళ్లిన తరువాతి శనివారం, దీపాలు పెట్టే వేళ. స్థలం చేవెళ్ల బజారులో ముకుందం గారి కిరాణా దుకాణం అరుగు. హాజరైనవారు: సంగీత సభ కమిటీ ప్రెసిడెంటు ముకుందం గారు, కుర్చీలో, వైస్ ప్రెసిడెంటు, ముడిమ్యాల సత్తయ్య పటేలు గారు, కుర్చీలో, సెక్రెటరీ ప్రభాకర్ గారు, బి.ఏ., కుర్చీలో, ఆ రోజే నగరం నుంచి బస్సులో వచ్చి దిగిన కొత్త గ్యాసుబత్తి, కుర్చీలో. ఆలూరు మేళం నాయకుడు, క్లారినెట్టు ప్రేమదాసు, అరుగు కింద, నిలబడి.

గ్యాసుబత్తిని హాజరైనవారిలో చేర్చినందుకు నవ్వకండి, పాఠకులారా! ఆ సాయంత్రం ఆ అరుగు మీద ప్రకాశించే గుణం కలిగినది అదొక్కటే.

ఇక అసలు సంగతి. సంగీతానికి వెలుతురుతో పని లేదు. నాదం చెవికి సంబంధించినది, దీపం కంటికి సంబంధించినది. వాయించేవాడి దగ్గర దీపం పెట్టడమంటే అత్తరు దూదిని చెవిలో పెట్టుకోక మోకాలి కింద పెట్టుకోవడం వంటిది. వెలుతురు నిజంగా కావలసినది వినేవారికి. అందులోనూ ముందు వరుసలో కుర్చీలు వేయించుకొని వినేవారికి!

ఇంత తేటతెల్లమైన సత్యం చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతాల ప్రజలకు ఇన్నేళ్లూ తట్టలేదు. ఏటా దసరా వెళ్లిన తరువాత బజారులో రెండు ఎడ్లబండ్లను జోడించి, వాటి మీద పలకలు పరిచి, ప్రేమదాసు మేళాన్ని ఎక్కించి, వాయించేవారి మోకాళ్ల దగ్గర ఆముదపు దీపాలు పెట్టేవారు. ఆ వెలుతురు ప్రేమదాసు వేళ్ల మీద, కుర్మయ్య హార్మోనియం మెట్ల మీద, ముసలి అంతయ్య డోలకు మీద పడి అక్కడే ఆగిపోయేది. ముందు వరుస కుర్చీలు కటిక చీకట్లో మునిగి ఉండేవి! ముకుందం గారు కొత్త జరీ తలపాగా చుట్టుకొని వస్తే ఆ జరీ ఎవరు చూడాలి? పటేలు గారు షేర్వానీకి వెండి గొలుసు గడియారం తగిలించుకొని వస్తే ఆ గొలుసు ఎవరి కోసం?

నిరుడు మరీ ఘోరం జరిగింది. పటేలు గారు చీకట్లో పొరపాటున ప్రెసిడెంటు గారి కుర్చీలో కూర్చున్నారు. సభ ముగిసేదాకా ఒక్కరంటే ఒక్కరూ గమనించలేదు! ముకుందం గారు ఏడాది పొడుగునా కుమిలి, చివరకు నగరానికి మనిషిని పంపి గ్యాసుబత్తి తెప్పించారు. నాగరికత సాధారణంగా ఇట్లాగే పుడుతుంది.

"ఇగ ఆముదం దీపాలు బంద్," అన్నారు ముకుందం గారు, గ్యాసుబత్తి మీద చెయ్యి వేసి, కొత్త అల్లుడి భుజం మీద వేసినట్టు. "పొగ, మసి. ఊరి ఇజ్జత్ పోతున్నది."

"మంచిదే సేటూ," అన్నాడు ప్రేమదాసు కింది నుంచి. "ఒక్క దీపం మాత్రం జర నా చేతుల కాడ ఉండనియ్యుండ్రి."

"నీ చేతులెవరు చూస్తరురా?"

"చూసెటోళ్లు చూస్తరు సేటూ."

"ఏమున్నదని చూస్తరు? కడియాలేమన్న తొడుక్కున్నవా?" అని పటేలు గారు నవ్వారు. ఆయన నవ్వితే ఆయన జీతగాండ్లు ముడిమ్యాలలో ఉన్నా నవ్వవలసి ఉంటుంది. ప్రేమదాసు కూడా నవ్వాడు.

నవ్వక ఏం చేస్తాడు? అతని చేతులను చూసే మనిషి నిజంగానే ఒకడు ఉన్నాడు. ఆ మనిషి పేరు చెబితే కొంప మునుగుతుంది.

డోలకు వాయించే అంతయ్య ప్రేమదాసుకు తల్లి తోడబుట్టిన తమ్ముడు, పిల్లనిచ్చిన మామ కూడా. రెండు వానకాలాల నుంచి ఆయనకు చెవులు వినిపించడం మానేశాయి. మొదట మాటలు పోయాయి, తరువాత పిట్టల కూతలు, ఆ తరువాత తన డోలకు మోత కూడా. అయినా ఆయన దరువు తప్పలేదు. ఎందుకంటే ఆయన వినడం మాని చూడడం నేర్చుకున్నాడు. ప్రేమదాసు వేళ్లు క్లారినెట్టు మీద కదిలిన తీరును బట్టి నడక పట్టేవాడు. కుడి మోచెయ్యి లేస్తే జోరు పెంచేవాడు. గడ్డం ఎత్తితే ముక్తాయింపు కొట్టి ఆపేవాడు. ముసలాయన రెప్ప వేయకుండా అల్లుడిని చూస్తూ వాయిస్తుంటే జనం ఎంత ముచ్చటపడేవారని! "అల్లుడంటే గంత పావురం!" అనేవారు. అది ప్రేమా అవును, ప్రాణభయమూ అవును. అందరూ నవ్వుతుంటే ఎందుకో తెలియక తానూ నవ్వే మనిషికి, ఎవరైనా పెదవులు కదిపితే దిక్కులు చూసే మనిషికి, డోలకు ముందు కూర్చున్నంతసేపే తానూ నలుగురిలో ఒకడు. అది పోతే ఆయనకు ఊళ్లో మిగిలేది గోడకు ఆనించిన మంచం.

సెక్రెటరీ గారికి మాత్రం అనుమానం తగిలింది. చదువుకున్నవారు గదా.

"నిరుడు నేను స్టేజీ ఎక్కి ఆ ముసలాయనను పేరు పెట్టి పిలిచిన," అన్నారు ప్రభాకర్ గారు. "పలుకనే లేదు. చెవులు మంచిగనే ఉన్నయా ఆయనకు?"

"తాళంల మునిగిపోతడు సార్. మనిషి ఈడ ఉండడు."

"చెవుడైతే చెవుడని చెప్పురా," అన్నారు పటేలు గారు. "మా జీతగాడొకడున్నడు, డోలకు దంచుతడు. ముసలోన్ని ఇంట్ల కూసోబెట్టు, వాన్ని తోలిస్త."

"చెవుడేంది పటేలా! గోడ అవతల పిల్లి నడిచినా వింటడు మా మామ," అన్నాడు ప్రేమదాసు. గోడ కూలినా అంతయ్యకు వినపడదని అతనికి తెలుసు.

ఆ తరువాత కమిటీ అసలు సమస్యకు వచ్చింది. గ్యాసుబత్తి వెలుతురు ప్రెసిడెంటు గారి మీద పడాలా, వైస్ ప్రెసిడెంటు గారి మీద పడాలా? బత్తి తెప్పించింది తాను గనుక తన మీదనే అన్నారు ముకుందం గారు. స్టేజీకి బండ్లు ఇచ్చింది తాను గనుక తన మీదనే అన్నారు పటేలు గారు. బండ్లు తోలుకుపోతానన్నారు. బత్తి అటక ఎక్కిస్తానన్నారు. ఆ తకరారును ప్రభాకర్ గారు తమ కాలేజీ విద్యతో తీర్చిన తీరు చరిత్రలో నిలవదగ్గది. వెలుతురు తిన్నగా ప్రయాణం చేస్తుందట! కాబట్టి స్టేజీ ముందంచున గుంజ పాతి, దానికి బత్తి వేలాడదీసి, బత్తి వెనుక గ్యాసునూనె డబ్బాను చీల్చి అడ్డంగా రేకు కట్టాలి. స్టేజీ వైపు పోయే వెలుతురు రేకుకు తగిలి వెనక్కు తిరిగి వస్తుంది. రెండు కుర్చీల మీద సమానంగా పడుతుంది.

"మరి మేళగాండ్ల మీద?" అని ఎవరూ అడగలేదు. అడగవలసినవాడు అరుగు కింద ఉన్నాడు.

"వేదిక మీద వెలుతురు వృథా గనుక..." అని మొదలయ్యే తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. గ్యాసుబత్తి కూడా అభ్యంతరం చెప్పలేదు.

ఈ సూత్రాన్ని మనం ఇంకా ఎందుకు వాడుకోవడం లేదో ఆలోచించండి! దవాఖానలో దీపం రోగి పుండు మీద ఎందుకు? డాక్టరు గారి మీసాల మీద పడితే రోగికి ధైర్యం రాదా? బడిలో దీపం పిల్లవాడి పలక మీద ఎందుకు? బడి కట్టించినవారి పేరు చెక్కిన రాయి మీద పడితే దేశానికి ఎంత వికాసం! బండికి కట్టిన లాంతరు దారిని చూపిస్తూ పోతే ఎవరికి లాభం? ఎక్కి కూర్చున్న షావుకారు ముఖాన్ని చూపిస్తే, గుంటలో పడినా పడినవారెవరో ఊరికి తెలుస్తుంది కదా!

ప్రేమదాసు ఆలూరు చేరేసరికి బాగా రాత్రైంది. భార్య పద్మమ్మ పొయ్యి దగ్గర ఉన్నది. అంతయ్య దీపం పక్కన కూర్చొని డోలకు తాళ్లు బిగిస్తున్నాడు. చెవిటి మనిషికి గుట్టు చెప్పడం ఎట్లా? కేక వేస్తే ముందు వాడకు తెలుస్తుంది, తరువాత ఆయనకు తెలియదు. నిజానికి ఆలూరు వాడవాడకూ ఆ గుట్టు ఎప్పుడో తెలుసు. తెలిసి నోరు మూసుకున్నది. తెలియనిది కుర్చీలకే.

ప్రేమదాసు పక్కనున్న గంప తీసి దీపం మీద బోర్లించాడు. ఇల్లు చీకటైంది. తన చేతులు మామ ముఖం ముందు ఆడించాడు.

అంతయ్య గొంతు వినిపించింది. చెవిటివారి గొంతు గనుక పెద్దగానే వినిపించింది. "స్టేజీ మీద గిట్లనే ఉంటదా? అయితే ఇగ నా పని అయిపోయినట్టే, అల్లుడా."

అప్పుడే పద్మమ్మ సంకటి గిన్నెతో వస్తూ చీకట్లో తండ్రి కాలు తట్టుకొని తూలింది. "పద్దీ! జర చూసి నడువు బిడ్డా!" అన్నాడు అంతయ్య వెంటనే.

పద్మమ్మ గంప లేపింది. ఆమె కళ్లు మెరుస్తున్నాయి. "చూసినవా? కండ్లకు కనపడలె, చెవులకు ఇనపడలె. కాలుకు మాత్రం తెలిసింది, వచ్చింది నేనేనని. కాలుతోటే చెప్పు."

"ఏం చెప్పాలె?"

"దరువు. పక్కన కూసోని కాలుతోటి తన్ను."

"మామను తన్నుమంటవా! నీకేమన్న పిచ్చి లేసిందా? మేనమామనే! పాపం తగుల్తది."

"ఆయన నా బాపు. తన్నుమని నేనే చెప్తున్న. పాపం తగిలితే నాకే తగలనియ్యి."

"నలుగురు చూస్తే?"

"చీకటి జేసింది వాళ్లే గద, ఎట్ల చూస్తరు? డోలకు పొయ్యిన్నాడు మా బాపు మంచం పడ్తడు. గప్పుడు దినాం కాళ్లు పిసుకుదువు గని, ఇప్పుడైతే తన్ను."

గౌరవనీయులైన పాఠకులకు ఇందులోని దారుణం చెప్పనవసరం లేదు. మన ప్రాంతంలో పెద్దవారికి కాలు తగిలితే వెంటనే చేత్తో తాకి కళ్లకద్దుకుంటాం. పొరపాటున తగిలితేనే ఇంత! ప్రేమదాసు ఆ నాలుగు రోజులూ తన్నే ముందు ఒకసారి, తన్నిన తరువాత ఒకసారి మామ పాదాలకు మొక్కాడు. బొటనవేలితో తొడ మీద మెల్లగా తట్టితే నిదానం, గట్టిగా తంతే జోరు, కాలు తీసేస్తే ముక్తాయింపు. అంతయ్య కళ్లు మూసుకొని, తొడనే చెవిగా చేసుకొని నేర్చుకున్నాడు. "గట్టిగ తన్ను అల్లుడా, సిగ్గుపడకు!" అని ఆయన అరుస్తుంటే పక్కింటి అరుణమ్మ గోడ మీది నుంచి తొంగిచూసి, "ఏందే పద్దీ, మీ ఇంట్ల మర్యాదలు గిట్ల తిరగబడ్డయి!" అని నవ్వి, మళ్లీ నోరు మూసుకున్నది.

బుధవారం సాయంత్రం సభ. ఎంత గొప్పగా జరిగిందని!

గ్యాసుబత్తికి గాలి కొట్టారు. లోపలి వల వత్తి, అదే మాంటిల్, తెల్లగా వెలిగింది. జనం "అబ్బా!" అన్నారు. రేకు తళతళలాడింది. ముకుందం గారి జరీ, పటేలు గారి గొలుసు మొయినాబాదు నుంచి వచ్చినవారికి కూడా కనపడ్డాయి. ముకుందం గారి భార్య సుమిత్రమ్మ గారు ఆడవారి చాపల మీద నుంచి తమ భర్త ముఖాన్ని చూసి, "ఇంత నల్లగున్నడా ఈయన!" అన్నదని చెబుతారు. స్టేజీ మాత్రం రేకు వెనుక బావిలోపలి భాగం లాగా ఉన్నది. అక్కడ మేళం ఉన్నదనేది నమ్మకం మీద ఆధారపడిన విషయం.

గ్యాసుబత్తికి మరో దివ్యగుణం ఉన్నది. అది మోగుతుంది! ఎడతెగకుండా సుయ్యిమని ఒకటే మోత. ఆ మోతకు పక్కనే ఉన్న కుర్చీలవారికి క్లారినెట్టు ఒక్క ముక్క వినపడలేదు. మొదటి పాట ఎప్పుడు ముగిసిందో ఎవరికి తెలిసింది? బత్తి ఆపలేదు కదా! పటేలు గారు కళ్లరమోడ్చి తల ఊపుతూ, "వాహ్! ఇయ్యాల సుతి ఏం కలిసింది!" అన్నారు. ఆ సమయానికి మేళం వక్కాకు వేసుకుంటున్నది. వాయించేవారు కనపడక, వాయించినది వినపడక, విన్నవారు మాత్రం వెలిగిపోయే ఈ స్థితికి చేరాలని కదా సంగీతం ఇన్ని వందల ఏళ్లు కష్టపడింది!

బండి చక్రాల పక్కన నేల మీద కూర్చున్న ఆలూరు జనానికి వేరే సంగతి వినపడింది. ప్రేమదాసు క్లారినెట్టు ఎటు మళ్లితే డోలకు అటు మళ్లింది. చూసి కొట్టినప్పుడు ఉండే ఆ రవ్వంత ఆలస్యం కూడా లేదు. చీకట్లో ముసలాయన చేతులు అల్లుడి ఊపిరిలోనే ఉన్నట్టు ఆడాయి. "ఏం ఎక్కిందిరా ముసలోనికి!" అని ఒకరినొకరు గిల్లుకున్నారు. ప్రేమదాసు కాలు చీకట్లో తన పని తాను చేసుకుపోతున్నది. చీకటి వరమని ఇంకా నమ్మరా?

అయితే కమిటీ ఒక చిన్న విషయం మరచింది. ఆజూరు మాసం, పక్కనే వరిపొలాలు. పురుగులకు తీర్మానాలు తెలియవు. వెలుతురు ఎక్కడ ఉంటే అక్కడికి వస్తాయి. వచ్చాయి! జరీలో చిక్కుకున్నాయి, షేర్వానీ మెడలో దూరాయి. ముకుందం గారు ఎవరినో పలకరించబోయి నోరు తెరిచి, ఒకదాన్ని మింగారు.

అప్పుడు అరుగు మీద కొట్లాడుకున్న పెద్దమనుషుల హృదయాలు ఎంత విశాలమయ్యాయో చూడండి.

"పటేలా, మీరు పెద్దలు. ఎల్తురు మీకే ఉండనియ్యుండ్రి," అని ముకుందం గారు చేతికర్రతో రేకును పటేలు గారి వైపు తిరిగేలా తోశారు.

"అట్లెట్ల సేటూ! బత్తి తెప్పిచ్చింది మీరు. మీకే న్యాయం," అని పటేలు గారు తమ కర్రతో తిరిగి తోశారు.

"ఒద్దొద్దు, నాకు అంత ఆశ లేదు!"

"నాకు మాత్రం ఉన్నదా!"

అటు తోసి, ఇటు తోసి, ఇద్దరూ ఒక్కసారే తోశారు. రేకు కట్టు సడలింది. గుంజ చుట్టూ గిర్రున తిరిగి కుర్చీల వైపుకు వచ్చి ఆగింది. తిన్నగా ప్రయాణం చేసే వెలుతురు తిన్నగా వెళ్లి స్టేజీ మీద పడింది.

చేవెళ్ల బజారు అంతా చూసింది. క్లారినెట్టు నోట్లో పెట్టుకొని, కాలు బారచాపి, తెల్లమీసాల మేనమామ తొడ మీద తంతూ ప్రేమదాసు!

"అయ్యయ్యో! మేనమామను తంతున్నడు!" అన్నది సుమిత్రమ్మ గారు.

ప్రేమదాసుకు ఊపిరి ఆగింది. పాట ఆగింది. కాలు మాత్రం మామ తొడ మీదే ఉండిపోయింది. తీస్తే ఆపమని అర్థం, కదిపితే ఊరు చూస్తున్నది! కుర్మయ్య హార్మోనియం ఒక్క స్వరం మీద మూలిగింది. కళ్లు మూసుకొని దరువులో ఉన్న అంతయ్యకు ఏదీ తెలియదు. తొడ మీద కాలు ఉన్నది, కదలదు. ఆయనకు చిరాకెత్తింది. గ్యాసుబత్తి మోతను మించిన గొంతుతో అరిచాడు.

"ఏమాయెరా అల్లుడా! ఎందుకాపినవ్? తన్ను! మంచిగ తన్ను!"

బజారు విరగబడి నవ్వింది. ఆలూరు జనం మాత్రం నవ్వలేదు.

మరునాడు గురువారం, దీపాలు పెట్టే వేళ. అదే అరుగు. హాజరైనవారు వారే, కూర్చున్నవారు కూర్చొని, నిలబడినవాడు నిలబడి. ముకుందం గారి కింది పెదవి, పటేలు గారి ఎడమ కన్ను పురుగుకాట్లకు ఉబ్బి ఉన్నాయి. గ్యాసుబత్తి మాంటిల్ చినిగింది గనుక అది వెలగకుండానే హాజరైంది. ఆ సాయంత్రం ఆ నలుగురిలో తేడా ఏమీ లేదు.

"సభాసదుల ఎదుట, వెలుతురులో, పూజ్యుడైన మేనమామను కాలితో తన్నినందుకు," అని ప్రభాకర్ గారు నేరం చదివారు. 'వెలుతురులో' అన్న మాటను గమనించగలరు. తన్నడం చాలాసేపటి నుంచి జరుగుతున్నదే. నేరం వెలుతురు పడిన తరువాతనే పుట్టింది.

"ఎందుకు తన్నినవురా?" అని గద్దించారు ముకుందం గారు, పెదవి సహకరించినంత మేరకు.

నిజం ఒక్క ముక్క. చెబితే ప్రేమదాసు ఆ క్షణమే నిర్దోషి. చెబితే మర్నాడే పటేలు గారి జీతగాడు డోలకు ముందు కూర్చుంటాడు.

"నాకు ఒక శంక ఉన్నది," అన్నారు ప్రభాకర్ గారు. "తన్ను తన్ను అని ముసలాయననే అడిగినట్టు వినపడ్డది."

"అలవాటైపొయ్యిందయ్యా పాపం!" అన్నారు ముకుందం గారు. "ఇంట్ల దినాం తన్నులే కావొచ్చు. తన్నకుంటే మనసున పట్టదు."

"అయినా సరే, బాధితుని వాంగ్మూలం తీసుకోవాలె. అంతయ్యను పిలిపిద్దాం. నాలుగు ప్రశ్నలు అడుగుదాం."

నాలుగు ప్రశ్నలా! ఒక్క ప్రశ్న చాలు. ముసలాయన ఈ ముఖం చూసి, ఆ ముఖం చూసి, అందరూ నవ్వుతున్నారేమోనని తానూ నవ్వుతాడు. అంతటితో అయిపోతుంది.

"ఒద్దు సార్! ముసలోడు, సిగ్గుతోటి సస్తడు. తన్నిన. నేనే తన్నిన. ఆయనది తప్పేం లేదు. డోలకు మంచిగనే కొట్టిండు."

"మరెందుకు తన్నినవ్?"

"కొవ్వు సార్," అన్నాడు ప్రేమదాసు. "కొవ్వెక్కి తన్నిన."

ఈ జవాబు కమిటీకి ఎంతో తృప్తినిచ్చింది. కింద నిలబడినవారు చేసే పనులన్నింటికీ వారు అంతవరకు ఊహించిన కారణం కూడా అదే.

"గిసుంటోన్ని మేళంల నుంచే తీసెయ్యాలె," అన్నారు పటేలు గారు. మరి క్లారినెట్టు ఎవరు ఊదుతారని ముకుందం గారు అడిగారు. పటేలు గారి జీతగాడు దంచగలడు గాని ఊదలేడు. కాబట్టి ఇకమీదట షరతుల ప్రకారం నడుచుకుంటానని ముచ్చలిక రాయించుకోవాలని నిశ్చయమైంది. ప్రభాకర్ గారు నిబంధనలు పైకి చదువుతూ రాశారు.

"మేళగాండ్ల నడవడి నమ్మదగ్గది కాదు గనుక, ఇకమీదట బత్తిని స్టేజీ వైపు తిప్పవలెను. వారి కాళ్లు, చేతులు కమిటీకి స్పష్టంగా కనపడవలెను."

ముందు వరుస వెలుతురును వదులుకునే ఈ మహాత్యాగానికి ఉబ్బిన కన్ను, ఉబ్బిన పెదవి ఏకగ్రీవంగా సమ్మతించాయి.

"చేతులు గూడనా సార్?" అన్నాడు ప్రేమదాసు మెల్లగా.

"చేతులు గూడ! కాళ్లనే నమ్మలేకపోతిమి, చేతులనెట్ల నమ్ముతం? ఇంకొకటి. అంతయ్య నీ పక్కన కూర్చోకూడదు. కాలు అందనంత దూరంల, నీకు ఎదురుంగ, పూర్తి వెలుతురుల కూర్చోవాలె. సభ ముగిసేదాక నీ చేతుల మీద నుంచి చూపు తిప్పకూడదు. బాధితుడే కాపలా!" అని ప్రభాకర్ గారు తమ తెలివికి తామే మురిసిపోయారు.

ప్రేమదాసు తల బాగా కిందికి వంచాడు. పశ్చాత్తాపమనుకున్నారు. ముఖం దాచుకోవడానికి మనిషికి వేరే కారణాలు కూడా ఉంటాయి.

చూశారా, పాఠకులారా? పని కోసం, బతిమిలాడి, ఒక్క ఆముదపు దీపం అడిగితే వృథా అయింది. అదే మనిషి దోషి అయ్యేసరికి నగరం నుంచి తెప్పించిన గ్యాసుబత్తి మొత్తం అతని వేళ్ల మీదికే వచ్చింది! మన పెద్దలకు పని చేసే చెయ్యి కనపడదు. తప్పు చేసే కాలు ఎంత దూరాన ఉన్నా కనపడుతుంది. కాబట్టి ఈ తాలూకాలో వెలుతురు లేక ఇబ్బంది పడుతున్న మేళగాండ్లకు, మగ్గం గుంటలో కళ్లు పోగొట్టుకుంటున్న సాలెవారికి, తడుముకుంటూ కాన్పులు చేసే మంత్రసానులకు సలహా ఒక్కటే. అర్జీలు పెట్టకండి, బతిమిలాడకండి. పెద్దమనుషులు చూస్తుండగా మీకు అన్నిటికంటె ప్రియమైన మనిషిని ఒకసారి తన్నండి! దీపాలు వాటంతట అవే వస్తాయి. మామను తన్నినోడని జీవితాంతం వెనుక నుంచి పిలుస్తారు. దానికేం, పని జరుగుతుంది.

కాగితం సిద్ధమైంది. అప్పటికి చీకటి చిక్కబడింది. ప్రేమదాసు కలం పట్టుకొని, గీత ఎక్కడుందో కనపడక, "సేటూ, జర దీపం తెప్పిస్తరా?" అన్నాడు.

"దస్కతు పెట్టెతందుకు దీపమెందుకురా?" అన్నారు ముకుందం గారు. "చెయ్యి నీదే గద!"

ప్రేమదాసు నవ్వి, వేలితో కాగితం అంచు తడిమి, చీకట్లోనే సంతకం చేశాడు. ముకుందం గారు ఆ కాగితాన్ని మడతలు పెట్టి, గ్యాసుబత్తి పెట్టె అడుగున, చినిగిన మాంటిల్ కింద దాచి, మూత వేశారు.